వినగా వినగా ఒంటబట్టే పాటలు: ఇండియన్ ఓషన్‌లో మీకు ఏది?

“ఇండియన్ ఓషన్ వినాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటావు?” అని ఆ ఢిల్లీ బ్యాండ్ గురించి ఎవరడిగినా ఒకప్పుడు ఆలోచించకుండా ‘బందే’ అనేదాన్ని. ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమాలో పాట. విన్నవాళ్లు అరగంటలో ఫోన్ చేసి “అబ్బ, ఏం పాటే!” అనేవాళ్లు. వారం పదిరోజులు అదే పనిగా వినేవాళ్లు. ఆ తరవాత ఆ బ్యాండ్ జోలికే వెళ్లేవాళ్లు కాదు. నలుగురైదుగురి విషయంలో ఇలాగే జరిగాక నాకు తెలిసొచ్చింది. నేను చెప్పిన పాట మంచిదే, కానీ అది గుమ్మం దగ్గరే కడుపు నింపి పంపించేస్తోంది. లోపలికి ఎవరూ రావడం లేదు.

నా సంగతే చూసుకుంటే, ఇరవై ఏళ్లుగా నాతో ఉన్న వాళ్ల పాటల్లో వినగానే నచ్చింది ఒక్కటీ లేదు. ‘కందిసా’ మొదటిసారి విన్నప్పుడు సగంలో ఆపేశాను. ‘లీవింగ్ హోమ్’ ఏదో పనిచేసుకుంటూ వెనకాల పెట్టుకునే సంగీతమనుకున్నాను. ‘ఝీనీ’ భజన అనుకుని దాటేశాను. ఇవాళ ఈ మూడింట్లో ఏది తీసేసినా నా రోజుల్లో ఒక గది మూతపడినట్టే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఎదురు ఒక ప్రశ్న వేస్తాను: “నీకు ఎంత ఓపికుంది, ఎప్పుడు వింటావు?” దాన్ని బట్టి పాట చెబుతాను. ఇక్కడా అదే పని చేస్తున్నాను.

ముందు బ్యాండ్ గురించి నాలుగు ముక్కలు. గిటార్ వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే ఆషీమ్ చక్రవర్తి కలిసి 1990లో ఢిల్లీలో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బేస్ గిటార్‌తో రాహుల్ రామ్ వచ్చాడు. 1994లో డ్రమ్స్ మీదికి అమిత్ కిలమ్ వచ్చాడు. మొదటి ఆల్బమ్ 1993లో, కచేరీలో రికార్డు చేసిన ‘డెజర్ట్ రెయిన్’ 1997లో, ‘కందిసా’ 2000లో, ‘ఝీనీ’ 2003లో వచ్చాయి. ఈ నలుగురూ 2009 డిసెంబరు 25న ఆషీమ్ చనిపోయేదాకా కలిసే ఉన్నారు. వీళ్లని రాక్ బ్యాండ్ అంటారు గానీ, రాక్ అనగానే మనకి తోచే కరకు గిటార్ మోత ఇక్కడ దాదాపు ఉండదు. హిందుస్తానీ రాగాల ఛాయలున్న అకౌస్టిక్ గిటార్, పక్కపక్కనే కూర్చున్న తబలా, డ్రమ్స్, వాటి కింద నేలలా పరుచుకున్న బేస్. ఎవరూ మరొకరిని తోసుకుని ముందుకి రారు. మన కచేరీల్లో తాళవాద్యాలు విడిగా వాయించే తనియావర్తనం అయ్యేదాకా కదలకుండా కూర్చునే అలవాటున్నవాళ్లకి ఈ పద్ధతి తొందరగా పట్టుబడుతుంది. నాలుగు నిమిషాల్లో పల్లవీ రెండు చరణాలూ అయిపోయే సినిమా పాటతో పెరిగినవాళ్లకి కాస్త టైం పడుతుంది. నేను ఈ రెండో రకం.

నెమ్మదిగా నచ్చే పాటని ఎలా గుర్తుపట్టాలి

అలవాటైతే ఏదైనా నచ్చుతుందని కొందరంటారు. అందులో కొంత నిజముంది. రాబర్ట్ జైయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో అర్థంలేని పదాలూ, తెలియని లిపి అక్షరాలూ, ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోటోలూ జనానికి మళ్లీమళ్లీ చూపించి, ఎక్కువసార్లు కంటపడ్డవాటినే వాళ్లు ఎక్కువ ఇష్టపడుతున్నారని తేల్చాడు. వేమన వేపాకు పద్యం అందరికీ నోటికొచ్చు. అయితే అందులో వేపాకు కంటే ముందు పాదంలో ఉన్నది రాగమేనన్న సంగతి మనం మర్చిపోతుంటాం.

కానీ అలవాటొక్కటే కారణమైతే ఆటో వెనకాల సీట్లో రోజూ చెవిన పడే ప్రకటన పాట కూడా ప్రాణం అయిపోవాలి. అవదు. డేనియల్ బెర్లిన్ అనే మరో పరిశోధకుడు చెప్పిన మాట నాకు ఇక్కడ పనికొచ్చింది. వినే కొద్దీ ఇష్టం పెరిగి, ఒక శిఖరం చేరి, అక్కణ్ణుంచి దిగుతుంది. తేలికపాటి అల్లిక ఉన్నది తొందరగా ఆ శిఖరానికి చేరి తొందరగా దిగుతుంది. చిక్కటి అల్లిక ఉన్నది ఆలస్యంగా ఎక్కుతుంది, పైన ఎక్కువ కాలం ఉంటుంది. ‘బందే’ పదిరోజుల్లో ఎందుకు తీరిపోయిందో, ‘లీవింగ్ హోమ్’ ఇప్పటికీ ఎందుకు తీరలేదో నాకు ఈ లెక్కతో కొంత బోధపడింది.

మరి నెమ్మదిగా ఎక్కే పాటకీ, ఎన్నటికీ ఎక్కని పాటకీ తేడా ఎలా తెలుస్తుంది? నేను చూసే గుర్తు ఒక్కటే. పాట మొత్తంగా నచ్చకపోయినా, మర్నాడు అంట్లు తోముతుంటేనో, బండి మీద వెళ్తుంటేనో అందులోని ఒక చిన్న ముక్క, గిటార్ మెలికో, గొంతు జారిన ఒక చోటో, పిలవకుండా గుర్తుకొస్తే ఆ పాటలో ఇంకా ఏదో ఉందన్నమాట. రాకపోతే లేదని కాదు, ఇంకోసారి వినాలి. ఒక్క రోజులో ఐదుసార్లు వినకండి, చప్పబడిపోతుంది. రెండు మూడు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు వినండి. అప్పటికీ ఒక్క ముక్కా మిగలకపోతే వదిలేయండి, మొహమాటం అక్కర్లేదు. ‘ఝీనీ’ ఆల్బమ్‌లో ఉన్న ‘నామ్ మ్యో హో’ని నేను అలాగే వదిలేశాను. బౌద్ధ మంత్రం మీద కట్టిన ఆ పాట అంటే పడిచచ్చే స్నేహితురాలు నాకుంది. నాలో మాత్రం అది వేరు పట్టలేదు.

మా రేవానా, కందిసానా?

‘కందిసా’ ఆల్బమ్‌లో మొదట ఎదురయ్యే ఎంపిక ఇదే. ఒకే ఆల్బమ్‌లో ఉన్నా ఈ రెండు పాటలూ మనిషిని లోపలికి తీసుకెళ్లే దారులు పూర్తిగా వేరు.

‘మా రేవా’ నర్మదా నది పాట. రేవా అంటే నర్మదకి ఇంకో పేరు. రాహుల్ రామ్, ఆ నది మీది ఆనకట్టలకి ఎదురు నిలిచిన నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేసిన మనిషి. ఐఐటీ కాన్పూర్‌లో కెమిస్ట్రీ చదివి, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషపదార్థాల మీద పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి నది ఒడ్డు ఊళ్లలో తిరిగాడు. ఆ లోయలో జనం పాడుకునే పాట అక్కణ్ణుంచి బ్యాండ్‌లోకి వచ్చింది. పాటలో ఉన్నది చాలా మామూలు మాట: అమ్మా రేవా, నీ నీరు నిర్మలం, గలగలా పారుతున్నావు, అమరకంటకంలో పుట్టావు. అంతే. ఆనకట్ట మాట లేదు, ముంపు మాట లేదు, కోపం లేదు. మొదటిసారి విన్నవాళ్లకి ఇది హుషారైన జానపదం. కాళ్లు ఆడతాయి, పక్కనున్న పిల్లలు గెంతుతారు.

అది ఎదిగేది ఆ తరవాత. ఆ ఒడ్డు ఊళ్లు కొన్ని నీళ్ల కిందికి పోయాయని తెలిశాక, నర్మద మీది సర్దార్ సరోవర్ ఆనకట్ట ఎత్తు పెంచుకుంటూ పెంచుకుంటూ చివరికి 138.68 మీటర్ల దగ్గర ఆగిందని, 2017లో దాన్ని దేశానికి అంకితం చేశారని చదివాక, అదే ‘గలగలా పారుతున్నావు’ అన్న మాట గొంతుకి అడ్డం పడుతుంది. పారే నదిని పొగిడే పాటని, ఆ పారడమే ఆగిపోతుందేమోనన్న భయంతో ఉన్నవాళ్లు పాడుకున్నారు. సంగీతం మారలేదు, మనకి తెలిసింది మారింది. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్లకీ, పోలవరం ముంపు మండలాల్లో బంధువులున్నవాళ్లకీ ఈ పాటని వేరే ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నదిని అమ్మా అని పిలిచే అలవాటు మనకీ ఉంది, ఆ అమ్మ ఊళ్లోకి రావడం చూసిన అనుభవమూ ఉంది.

ఇంకో సంగతి. అమిత్ కిలమ్ డ్రమ్స్‌తో పాటు గబ్‌గుబీ కూడా వాయిస్తాడు. బెంగాల్ బావుల్ గాయకుల వాద్యం అది, చంకలో ఇరికించుకుని తీగని లాగుతూ మీటేది. లాగే బిగువుని బట్టి శ్రుతి ఎక్కుతుంది, దిగుతుంది. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు ఇదెక్కడో విన్నానే అనిపించింది. చాలా రోజులకి గుర్తొచ్చింది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల జమిడిక, ఉత్తరాంధ్రలో జముకుల కథవాళ్ల జముకు కూడా ఆ జాతి వాద్యాలే. తోలు, తీగ, లాగుడు. అప్పటినుంచి గబ్‌గుబీ వినిపిస్తే ఢిల్లీ బ్యాండ్ కాస్తా మా వీధి చివరకి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

‘కందిసా’ అలా కాదు. దానికి తలుపే కనిపించదు. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనలోని మాటలు అవి. భాష సిరియాక్, అంటే అరమాయిక్ శాఖ. దేవుడు పవిత్రుడు, బలవంతుడు పవిత్రుడు, మరణం లేనివాడు పవిత్రుడు అన్న మూడు పిలుపులు. ఇంతకు మించి అర్థం వెతికితే దొరకదు. అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి, గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, మొదట్లో గాలి ఆడనట్టుగా ఉన్న పాట చివరికి వచ్చేసరికి కప్పు ఎగిరిపోయినంత ఎత్తుకి లేస్తుంది. నేను సగంలో ఆపేశానని చెప్పానే, అందుకు కారణం అదే. మొదటి సగం ఏమీ జరగడం లేదనిపించింది. ఆ జరగకపోవడమే రెండో సగానికి పునాది అని తెలియాలంటే ఒక్కసారైనా చివరిదాకా వినాలి.

అర్థం తెలియని భాషలో పాట మనకేమీ కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని ఒక్క ముక్క అర్థం కాకుండా సంస్కృత స్తోత్రాలు వప్పజెప్పినవాళ్లమే. అర్థం ముప్పయ్యేళ్లకి తెలిసింది, ధ్వని మాత్రం ఐదేళ్లప్పుడే రక్తంలో కలిసింది. ‘కందిసా’ని ఆ దారిలో వినాలి. అర్థం చదివి వినడం కన్నా, పది పదిహేనుసార్లు విని అప్పుడు అర్థం చదవడం మంచిది.

నా మాట అడిగితే, మొదట ‘మా రేవా’ వినండి. ఇది అందరికీ. ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు, వంట చేసుకుంటూ, కార్లో పిల్లలతో వెళ్తూ ఎలాగైనా వినొచ్చు. ‘కందిసా’ ఒంటరిగా వినే పాట. రాత్రి, ఇయర్‌ఫోన్లు, ఫోన్ తిరగేసి పెట్టి వినాలి. వంటింట్లో కుక్కర్ విజిల్ మధ్య దాన్ని వింటే పాటకి అన్యాయం చేసినట్టే. మీరు చర్చిలోనో, గుళ్లోనో, దర్గాలోనో కళ్లు మూసుకుని కూర్చోవడం ఇష్టపడే మనిషైతే మాత్రం ఈ వరస మార్చుకోండి, ‘కందిసా’తోనే మొదలుపెట్టండి.

మాటల మీద ఆధారపడని పాటలు

‘ఖజురాహో’, ‘లీవింగ్ హోమ్’ రెండూ అదే ఆల్బమ్‌లో ఉన్నాయి. రెండూ పొడవైనవే, రెండింట్లోనూ గిటారే దారి చూపిస్తుంది. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఏమాత్రం తటపటాయించకుండా ‘లీవింగ్ హోమ్’ అంటాను.

‘ఖజురాహో’ శిల్పం లాంటిది. చుట్టూ తిరిగి చూడాలి, ప్రతి వైపూ పని కనిపిస్తుంది, మెచ్చుకుంటాం. తాళం లెక్కలు పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లు, మృదంగమో తబలానో కొంత నేర్చుకున్నవాళ్లు దాన్ని ముందు ఎంచుకుంటే మంచిది. వాళ్లకి అందులో నెలల తరబడి పని దొరుకుతుంది.

‘లీవింగ్ హోమ్’కి ఆ పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. ఎప్పుడైనా ఇల్లు వదిలి వెళ్లిన మనిషైతే చాలు. నాకు ఆ పాట ఎప్పుడు పట్టుకుందో కచ్చితంగా తెలుసు. చీరాలలో అమ్మావాళ్ల దగ్గర నాలుగు రోజులుండి సికింద్రాబాద్ రైలెక్కాను. కిటికీ పక్క సీటు. అమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. రైలు కదిలింది. ఫోన్లో ఏదో ఒకటి పెట్టుకుందామని పెట్టిన వరసలో ఈ పాట వచ్చింది. అంతకుముందు ముప్పయిసార్లు విని ఉంటాను. ఆ గిటార్ ఒకే మెట్టు దగ్గర ఆగి ఆగి, వెనక్కి చూసి చూసి, చివరికి పరుగందుకుంటుందని ఆ రోజు దాకా గమనించలేదు. బాపట్ల దాటేదాకా అదే పాట మళ్లీ మళ్లీ పెట్టుకున్నాను. ఇంత చెప్పినా, మీకు ఆ పాట ఆ పేరు వల్లే అలా వినిపిస్తోందంటే కాదనలేను. మాటలు లేని పాటకి పేరే సగం సాహిత్యం.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి నేను ముందుగా చెప్పే పాట ఇదే. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి పంపించాను. ఏడాది దాకా ఉలుకూ పలుకూ లేదు. శెలవులకి వచ్చి తిరిగి వెళ్లిన మర్నాడు మెసేజ్ పెట్టింది, “అక్కా, ఆ పాట ఇప్పుడు అర్థమైంది” అని.

వెంటనే పట్టేసేవి

‘బందే’ని తక్కువ చెయ్యాలని నా ఉద్దేశం కాదు. పీయూష్ మిశ్రా రాశాడు. 1993 బొంబాయి పేలుళ్ల మీద తీసిన ఆ సినిమా కోర్టు స్టే వల్ల ఆగి, 2007 ఫిబ్రవరిలో గానీ థియేటర్లకి రాలేదు. పాటలు అంతకన్నా ముందే జనంలోకి వెళ్లిపోయాయి. ఆగు మనిషీ అని అరిచే ఆ పిలుపు మొదటిసారే గుండెలో దిగుతుంది, దిగాలి కూడా. దాని పని అదే. గోరఖ్ పాండే భోజ్‌పురిలో రాసిన జనం పాటని తీసుకుని చేసిన ‘హిల్లే లే’ కూడా అంతే, సభలో చప్పట్లు కొట్టించే పాట. మన వైపు గొంగడి భుజాన వేసుకుని గజ్జె కట్టి పాడే పాటలతో పెరిగినవాళ్లకి అది వెంటనే సొంత ఊరి పాటలా ఉంటుంది. ఊపు కావలసిన రోజున ఈ రెండూ వినండి. నెమ్మదిగా ఎదిగే పాట కోసం వెతుకుతున్నప్పుడు మాత్రం ఇవి పక్కన పెట్టండి.

ఆషీమ్ ముందూ వెనకా

పాత రికార్డులా, కొత్తవా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఆషీమ్ పోయాక తుహిన్ చక్రవర్తి తబలా మీదికీ, హిమాంశు జోషీ పాటకీ వచ్చారు. 2013లో సుస్మిత్ సేన్ కూడా విడిపోయాడు, గిటార్ నిఖిల్ రావు అందుకున్నాడు. 2014లో ‘తందను’, 2023లో ‘తూ హై’ ఆల్బమ్‌లు వచ్చాయి. వాయిద్యం ఇప్పటికీ గొప్పగానే ఉంది. కానీ నెమ్మదిగా ఎదిగే గుణం కావాలంటే పాతవాటి వైపే మొగ్గుతాను. కొత్తవాటిలో పాట తొందరగా తెరుచుకుంటుంది, పాతవాటిలో నలుగురూ ఒకరికోసం ఒకరు ఆగే ఓపిక ఎక్కువ.

ఈ రెంటికీ మధ్య వంతెనలా ఒక ఆల్బమ్ ఉంది, ‘16/330 ఖజూర్ రోడ్’. ఢిల్లీ కరోల్ బాగ్‌లో వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామా అది. ఆషీమ్ ఉండగా రికార్డు చేసిన పాటలు, ఆయన పోయాక 2010 నుంచి ఒక్కొక్కటే ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. ‘శూన్య’ వినండి. మనిషి వెళ్లిపోయాక వచ్చిన గొంతు అని తెలిసి వింటే ప్రతిసారీ కొంచెం వేరేగా వినిపిస్తుంది.

సినిమా పాట తప్ప వేరేది ఎక్కదు అనేవాళ్లకి 2015లో వచ్చిన ‘మసాన్’ సినిమాలోని ‘తూ కిసీ రేల్ సీ’ మంచి మధ్యేమార్గం. హిందీ కవి దుష్యంత్ కుమార్ ద్విపదని తీసుకుని వరుణ్ గ్రోవర్ అల్లాడు, స్వానంద్ కిర్‌కిరే పాడాడు. ఆమె రైలులా వెళ్లిపోతుంది, అతను వంతెనలా వణుకుతాడు. రాజమండ్రిలో గోదావరి వంతెన కింద నిలబడి పైన గూడ్సుబండి పోతుంటే కాళ్లకింద నేల అదరడం తెలిసినవాళ్లకి ఈ ఉపమానం ఒళ్లంతా తెలుస్తుంది. మొదటిసారే నచ్చుతుంది, మళ్లీ విన్నప్పుడు ఇంకొంచెం నచ్చుతుంది. అలా రెండు గుణాలూ ఉన్న పాట అరుదు.

కచేరీ రికార్డింగా, స్టూడియో రికార్డింగా అంటే ‘మా రేవా’కి కచేరీది ముందు వినండి, జనం గొంతు కలిపితేనే ఆ నది నిండుగా పారుతుంది. ‘కందిసా’, ‘లీవింగ్ హోమ్’ స్టూడియోవే ముందు. చప్పట్ల మధ్య వాటి నిశ్శబ్దాలు పోతాయి. ‘డెజర్ట్ రెయిన్’ మొత్తం కచేరీ రికార్డింగే కాబట్టి అక్కడ ఎంపికే లేదు. అది బాగా అలవాటయ్యాక, ఈ నలుగురూ కుర్రాళ్లుగా ఎలా వాయించేవాళ్లో తెలుసుకోవాలనిపించినప్పుడు వినే రికార్డు.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చినది

ఒక్క పాటకి ఏడాది ఇవ్వగలిగే ఓపిక మీకుంటే ‘ఝీనీ’ తీసుకోండి. కబీర్ పదం. హిందీ వచ్చినవాళ్లకి కూడా సగమే అందుతుంది. ‘కందిసా’లో అర్థం తెలియకపోయినా పాట లేస్తుంది. ‘ఝీనీ’లో అర్థం తెలిసేకొద్దీ లేస్తుంది, ఒక్కో పొర ఒక్కోసారి. అందుకే ఈ రెండిట్లో ఏది అంటే, వినడానికి మాత్రమే టైం ఉన్నవాళ్లకి ‘కందిసా’, వినడంతో పాటు అప్పుడప్పుడు కూర్చుని ఆ పదం చదవడానికి కూడా ఇష్టమున్నవాళ్లకి ‘ఝీనీ’.

కబీర్ నేతపనివాడు. ఆ పదంలో దేహం ఒక దుప్పటి. సన్నగా, పల్చగా నేసిన దుప్పటి. యోగంలో చెప్పే ఇడ, పింగళ నాడులు పడుగూ పేకా అయితే, సుషుమ్న నేసిన దారం. ఎనిమిది రేకుల కమలం రాట్నమై తిరుగుతుంది. పంచభూతాలు, మూడు గుణాలు. నేయడానికి దేవుడికి పది నెలలు పట్టింది, దెబ్బ మీద దెబ్బ వేసి దగ్గరగా నేశాడు. దేవతలూ, మనుషులూ, మునులూ అందరూ కప్పుకుని మాపేశారు. కబీర్ జాగ్రత్తగా కప్పుకుని, ఎలా ఇచ్చారో అలాగే తిరిగి పెట్టేశాడు.

ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి కూడా చదివే తెలుసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మా నాన్న ఉద్యోగానికి వెళ్లిపోయాడు, మగ్గం పెదనాన్న ఇంట్లో మిగిలింది. నిరుడు సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన గుంటమగ్గం పక్కన కూర్చుని ఫోన్లో ఈ పాట పెట్టాను. ఆయనకి హిందీ రాదు. కాసేపు విని, “బాగా పాడుతున్నారు, ఏమంటున్నారమ్మా?” అన్నాడు. ఒక్కో పాదం ఆపి తెలుగులో చెప్పాను. పడుగు, పేక, రాట్నం అన్నచోట తలూపాడు. దెబ్బ మీద దెబ్బ వేసి నేశాడన్నచోట చెయ్యి దానంతటదే గాల్లో ఆడింది. మునులు మాపేశారన్నది విని ఊరుకున్నాడు.

పది నెలలు పట్టిందన్న మాట దగ్గర మాత్రం ఆపమన్నాడు. “పది నెలలా?” అని మగ్గం మీద ఉన్న బట్ట వైపు చూశాడు. నేను తల్లి కడుపు సంగతి చెప్పబోయేలోపే, “అంత సన్నటి బట్టంటే ఎన్నో నంబరు నూలమ్మా అది? నూట ఇరవై కూడా అన్ని నెలలు పట్టదు” అన్నాడు. చాలా సీరియస్‌గా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కాసేపు వేళ్లతో పడుగు దారాలు సర్దుతూ ఉండి, మొదట్నుంచి మళ్లీ పెట్టమన్నాడు.